తిరుగు నరం

శవాల గది నరసింగరావు గురించి కాలేజీలో చాలా కథలు తిరుగుతుంటాయి. వాటిలో సగం అతను పుట్టించినవే. ఒకసారి బల్ల మీద పడుకోబెట్టిన పెద్దమనిషి, తన రొమ్ము కోస్తున్న పిల్లవాడి చెయ్యి వణకడం చూసి, "నెమ్మదిగా కానీయి నాయినా, నాకేటి తొందర" అన్నాడట. ఆ మాట విన్న పిల్లవాడు ఇప్పుడు ఎక్కడో పెద్ద డాక్టరట. పేరడిగితే మాత్రం నరసింగరావు చెప్పడు. వృత్తి ధర్మం అంటాడు.

వృత్తి అంటే అనాటమీ హాల్లో అటెండరు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే హాలు, అవే రాతి బల్లలు, కళ్ళు మండించే అదే మందు వాసన. చదువు ఏడో తరగతి, అది కూడా రేకుల షెడ్డు బడిలో. అయినా రొమ్ము పలకను రంపంతో కోసి, పక్కటెముకలు ఒక్కొక్కటీ కత్తిరించి, కింద ఉన్న పొర చిరగకుండా మూతలా పైకెత్తడం అతని చేతికి వచ్చినట్టు ఆ కాలేజీలో ఇంకెవరి చేతికీ రాదు. పిల్లలకది తెలుసు. ప్రొఫెసర్ అనూరాధ మేడమ్‌కీ తెలుసు. జీతాల రిజిస్టరుకే తెలియదు.

ఊపిరితిత్తులు రెండూ తీసి పక్కన పెట్టాక ఛాతీ మధ్యలో మిగిలేదాన్ని పుస్తకాల్లో మీడియాస్టైనమ్ అంటారు. నరసింగరావు నడవ అంటాడు.

"రెండుపక్కలా రెండు గదులు, మజ్జిన నడవ. మీ తాతోల్ల ఇల్లు సూడనేదేటి?" అని ఆ సోమవారం పొద్దున్న కూడా పిల్లలకి చెబుతున్నాడు. "గదుల్లో గాలి తప్ప ఏటీ ఉండదు. సంసారమంతా నడవలోనే. ఇదిగో గుండెకాయ, ఇంటి పెద్ద, పీటేసుకుని కూకున్నాడు. ఆడి నెత్తి మీంచి లేచి ఇలగ వంపు తిరిగి ఎనక్కి దిగే లావుపాటి గొట్టం బృహద్ధమని. దానెనక గాలి గొట్టం. దానెనక అన్నం గొట్టం. ఇరుకు కొంప. ఒకడు కాలు సాపితే ఇంకొకడి డొక్కలో తగుల్తాది."

విశాలి అనే అమ్మాయి పసుపు దారం పట్టుకుని వంగి చూస్తోంది. నరాలకి పసుపు దారం, ధమనులకి ఎరుపు, సిరలకి నీలం కట్టడం అక్కడి పద్ధతి. నరసింగరావు పట్టకారు కొనతో వెంట్రుకంత సందు చేసి, బృహద్ధమని వంపు కింద నుంచి తెల్లటి పోగు ఒకటి లేపాడు.

"ఇదిగో, తిరుగు నరం. మాట పలికించే నరం. తలకాయ కాణ్ణుంచి గొంతుక్కి ఎల్లాల. గొంతు పక్కనుంచే ఎల్తాది, కానీ అక్కడ ఆగదు. తిన్నగా నడవలోకి దిగి, ఈ వంపు కింద నుంచి సుట్టుకుని, మళ్ళీ పైకెక్కి అప్పుడు గొంతుకి సేర్తాది. గజపతినగరంలో పక్క ఈదికి ఎల్లాల్సినోడు సాలూరు బస్సెక్కి, అక్కడ లారీలన్నీ లెక్కెట్టుకుని మళ్ళీ బస్సులో ఎనక్కొచ్చినట్టు."

"కుడిపక్క కూడానా?"

"కుడిపక్కోడు బుద్ధిమంతుడమ్మా. మెడ మొదట్లోనే తిరిగిపోతాడు. ఎడమోడిదే ఈ తిరుగుడంతా. దారం కట్టు. బిగించకు, తెగితే ఈ ఏడాది మరో నరం నేదు."

ఆమె ముడి వేస్తుండగా వెనక తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. నరసింగరావు చెల్లెలు దేముడమ్మ గడపకి ఆమడ దూరంలో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె పక్కన ఆమె మొగుడు దేవేంద్ర.

*

దేవేంద్ర గజపతినగరం అవతల ఒక పల్లెలో తప్పెటగుళ్ళ జట్టుకి గురువు. పద్నాలుగు మంది మగాళ్ళు ఛాతీకి గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని, రెండు చేతులా దాన్ని వాయిస్తూ, కాళ్ళ గజ్జెలతో గెంతుతూ గంగమ్మ కథ పాడతారు. ముందు గురువు పాడాలి, వెనక జట్టు అందుకోవాలి. దేవేంద్ర గొంతెత్తితే మూడు ఊళ్ళ అవతల పాలకుండ పొంగుతుందని నరసింగరావు చెప్పేవాడు. ఆ మాటలో మూడు ఊళ్ళు అబద్ధం గానీ గొంతు నిజం.

ఆ గొంతు పోయింది. నలభై రోజుల కిందట ఇలాగే వస్తే, నరసింగరావే పెద్దాసుపత్రిలో చెవి ముక్కు గొంతు డాక్టరు ఉమాశంకర్ గది దాకా తీసుకెళ్ళి, "మా బావండి, కాస్త సూడండి" అని చెప్పి, హాల్లో పనుందని తిరిగొచ్చేశాడు. డాక్టరు గొట్టం కెమెరా పెట్టి చూసి, గొంతు పెట్టెలో మాట పలికించే రెండు తీగల్లో ఎడమవైపుది కదలడం లేదన్నాడు. ఏం పని చేస్తావన్నాడు. తప్పెటగుళ్ళు అన్నాక ఇక అడగడానికేం లేకపోయింది. గొంతు చించుకుని అరిచేవాడికి ఇదే గతి అన్నాడు. చీటీ మీద వాయిస్ ఎబ్యూజ్ అని రాశాడు, అంటే అరిచి గొంతు పాడుచేసుకున్నాడని. పాట మానెయ్, మాట మానెయ్, చుట్ట మానెయ్ అన్నాడు.

దేవేంద్ర మూడూ మానేశాడు. చెప్పినట్టు వినేవాడికి మన దేశంలో ఎప్పుడూ ఎక్కువే చెబుతారు.

"ఏటి బావా, మౌనస్వామివైపోనావా?" అన్నాడు నరసింగరావు చేతులు కడుక్కుని బయటికొస్తూ.

దేవేంద్ర నవ్వి, రెండు వేళ్ళతో తన రొమ్ము మీద టకటకమని కొట్టాడు.

"ఆకలేస్తన్నాదంట," అంది దేముడమ్మ. "రెండు దెబ్బలైతే ఆకలి, మూడైతే నీల్లు. నలబై రోజులయ్యింది అన్నా, కూరలో ఉప్పు నేదని కూడా అన్నేదు ఈ మడిసి. ఊల్లో ఆడోల్లంతా అలాటి మొగుడు మాకూ కావాలంతన్నారు."

ముగ్గురూ గేటు పక్క టీ బడ్డీ దగ్గర కూర్చున్నారు. నవ్వుతూ మొదలెట్టిన దేముడమ్మ రెండో ముక్కకి నవ్వడం మానేసింది. జట్టు చెదిరిపోయింది. తప్పెటలు అటక ఎక్కేశాయి. నేర్చుకుంటున్న కుర్ర గుంటల్ని తల్లులు మాన్పించేశారు. దేవేంద్ర గొంతునే తినేసిన పాట మా గుంటల గొంతు తినదా అంటున్నారు. డాక్టరు రాసిచ్చాడు కదా, కాగితం ఉంది కదా.

"ఈల్ల తాత పాడినాడు, అయ్య పాడినాడు. ముసిలోల్లై సచ్చినారు గాని గొంతు పోయి సావనేదు. ఈడేటి పాపం సేసినాడన్నా? రచ్చబండ కాడ కూకుంటే పక్కోల్లు జరిగి కూకుంతన్నారు, అంటుకుంతాదేటో అన్నట్టు."

దేవేంద్ర వినీ విననట్టు టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడు. గుటక సగంలో అడ్డం తిరిగింది. దగ్గాడు. అది మనిషి దగ్గులా లేదు. దగ్గులో ఉండే ఆ మొదటి దెబ్బ లేదు. లోపలనుంచి బరువుగా, బోలుగా, గాలి మాత్రమే వచ్చింది. బడ్డీవాడు తల తిప్పి చూశాడు.

"అదే," అంది దేముడమ్మ. "మా కర్రావు ఇలగే దగ్గేది. ఆవుకి ఏ మందు పోస్తామో అదే పోసినాను. వాము, మిరియాలు, ఆవనూనె. మూడు పొద్దులు."

"గ్లాసుతోనా?"

"గ్లాసుతో పోస్తే పని సేస్తాదా ఏటి? గొట్టంతోనే."

దేవేంద్ర తల పైకెత్తి, నోరు తెరిచి, వెదురు గొట్టం ఎలా పెట్టిందో, తను కాళ్ళు ఎలా కొట్టుకున్నాడో చేతులతో చూపించాడు. బడ్డీవాడు కూడా నవ్వాడు. నరసింగరావు నవ్వబోయి ఆగిపోయాడు.

ఆవు దగ్గు. ఆ మాట అతను విన్నాడు. ఏ ఏడాదో గుర్తులేదు గానీ, ఇదే హాల్లో, ఇదే నరం దగ్గర, అప్పటి ప్రొఫెసరు చెప్పాడు. ఈ నరం నలిగితే గొంతు తలుపు మూసుకోదు, మూసుకోని గొంతుతో దగ్గినవాడు ఆవులా దగ్గుతాడు అని. పశువుల మధ్య బతికిన చెల్లెలికి ఏ ప్రొఫెసరూ చెప్పకుండానే అది తెలిసిపోయింది. మందు పొయ్యాల్సిన చోటే తెలియలేదు.

"బావా, ఇక్కడేటైనా నొప్పుందా?" అని ఎడమ రొమ్ము పైభాగం మీద అరచెయ్యి పెట్టాడు.

దేవేంద్ర అడ్డంగా తలూపాడు. ఊపుతూనే దేముడమ్మ వైపు చూశాడు.

"అబద్దం," అంది దేముడమ్మ. "ఏడాదై ఉన్నాది. తప్పెట కట్టినోడు రొమ్ము నొప్పని ఎలగ సెప్తాడన్నా? జట్టు నవ్వదా?"

*

మర్నాడు ఉమాశంకర్ గది ముందు నలభై మంది వరస. నరసింగరావు బావతో పాటు వరసలోనే నిలబడ్డాడు. వంతు వచ్చేసరికి పదకొండున్నర దాటింది.

డాక్టరు పాత చీటీ చూసి, "మాట్లాడటం మానావా?" అన్నాడు. దేవేంద్ర తలూపాడు. "మంచిది. ఇంకో రెండు నెలలు."

"సార్, ఒకపాలి ఛాతీ ఫొటో తీయిస్తే," అన్నాడు నరసింగరావు.

"దేనికి?"

"ఎడమ తీగ కదా సార్. నరం కింద నుంచి తిరిగొస్తాది కదా. ఆ వంపు కాడ ఏటైనా నొక్కుతున్నాదేమో అని."

ఉమాశంకర్ కలం కింద పెట్టి మొదటిసారి అతని మొహంలోకి చూశాడు. "నువ్వే కాలేజీలో చదివావు?"

"ఈ కాలేజీలో అటెండర్ని సార్, అనాటమీ హాల్లో."

"శవాలకి దారాలు కట్టుకునేవాడివి, ఆ పని చూసుకో. బతికున్నవాళ్ళని మాకొదిలెయ్. నెక్స్ట్."

అక్కడికి ఊరుకుంటే కథే లేదు. ముప్ఫై అడుగుల గదిలో, రోగుల ముందు, ఏడో తరగతి చదివిన మనిషి నలభై రోజులు నోరు కట్టుకున్న బావ భుజం మీద చెయ్యి వేసి, చాలా మర్యాదగా అన్నాడు: "సార్, తమరూ ఈ కాలేజీయే. తమరు సదివిన శవానికి కూడా దారాలు నానే కట్టినాను. మొదటి రోజు తమరు పడిపోతే నీల్లు జల్లిందీ నానే."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరస చివరిదాకా పాకింది.

సాయంత్రం నాలుగింటికి మెమో వచ్చింది. అనర్హుడై ఉండి వైద్య సలహా ఇచ్చినందుకు, రోగుల సమక్షంలో వైద్యుని కించపరిచినందుకు నీపై చర్య ఎందుకు తీసుకోరాదో శనివారంలోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెను. ఛాతీలో ఏముందో చూడమంటే ఎవరికీ తీరదు గానీ, కాగితం కొట్టడానికి మాత్రం నాలుగు గంటలు చాలింది.

అనూరాధ మేడమ్ దాన్ని ఇస్తూ, ఇంకో కాగితం కూడా ఇచ్చింది. క్షమాపణ, ఆవిడే టైపు చేయించింది. "సంతకం పెట్టెయ్ నరసింగరావ్. రెండేళ్ళలో రిటైరవుతావు. నీకెందుకిది?"

అతను రెండూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మేడమ్, గురువారం క్లాసుకి గొంతు పోయిన మనిషి ఎవరైనా కావాలన్నారు కదండీ. మా బావ ఉన్నాడు."

మొదటి ఏడాది పిల్లలకి శరీరంలో ఏ భాగం చెప్పినా, దానికి సంబంధించిన రోగిని ఒకరిని తెచ్చి చూపించాలని కొత్త పాఠ్యక్రమంలో ఉంది. ఆ వారం నడవ పాఠం. చెప్పడానికి వచ్చేది ఉమాశంకరే. ఆవిడ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"క్లాసులో నువ్వు నోరు విప్పకూడదు."

"విప్పనండి."

*

గురువారం దాకా చెల్లెలూ బావా అరసవల్లిలో నరసింగరావు ఇంట్లోనే ఉన్నారు. దేముడమ్మ రెండు పొద్దులూ సూర్యనారాయణమూర్తికి దండం పెట్టుకుని వచ్చింది. దేవేంద్ర అరుగు మీద కూర్చుని, వెళ్ళే ఆటోలు లెక్కపెట్టాడు. ఒకసారి ఏదో ఆటోలోంచి డప్పు పాట వినిపిస్తే వేళ్ళు రొమ్ము మీదికి వెళ్ళాయి. దొంగతనం చేసినవాడిలా చుట్టూ చూసి, చేతులు కింద పెట్టుకున్నాడు. అది కిటికీలోంచి చూసిన నరసింగరావుకి అన్నం సహించలేదు. మనిషి గొంతు పోతే పోయింది. తన చేతుల్ని తనే నమ్మకుండా చేసిన ఆ రెండు ముక్కల రాతని ఏమనాలి?

గురువారం హాల్లో నూట యాభై మంది పిల్లలు. దేవేంద్రని ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టారు. నరసింగరావు గొంతు పెట్టెతో సహా కోసి తీసిన నడవని పళ్ళెంలో పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఉమాశంకర్ రోగిని గుర్తుపట్టాడు, అతని పక్కనున్నవాణ్ణీ గుర్తుపట్టాడు. పెదవి బిగించి మొదలెట్టాడు.

చెప్పడం బాగానే చెప్పాడు. నరం ఎక్కడ పుట్టింది, ఎలా దిగింది, వంపు కింద ఎలా తిరిగింది, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే. "అందుకే, ఎడమ తీగ కదలకపోతే గొంతు చూసి ఊరుకోకూడదు. ముందు ఛాతీ చూడాలి. పరీక్షలో తప్పకుండా అడుగుతారు, రాసుకోండి."

నూట యాభై కలాలు రాసుకున్నాయి. ఆ మాట ఆయన చెవికి మాత్రం చేరలేదు. తిరుగు నరం కంటే దూరం తిరగాల్సి ఉంది కాబోలు.

నోరు విప్పకూడదని మాటిచ్చాడు గానీ, చెయ్యి కదపకూడదని ఎవరూ అనలేదు. నరసింగరావు పసుపు దారం కొన పట్టుకుని వంపు కింద నుంచి నెమ్మదిగా పైకి లాగాడు. కొసన గొంతు పెట్టెలో తీగ చిన్నగా కదిలింది. మళ్ళీ వంపు మీద బొటనవేలు నొక్కి లాగాడు. కదల్లేదు. ముందు వరసలో విశాలి దాన్నే చూస్తోంది. తరవాత దేవేంద్రని చూసింది.

"సార్, ఈయన ఛాతీ ఎక్స్‌రే ఏదండీ?"

"ఇతనికి అవసరం లేదు. ఇతను తప్పెటగుళ్ళ పాటగాడు. అరిచి అరిచి పోగొట్టుకున్నాడు."

"పాటగాళ్ళకి ఛాతీ ఉండదా సార్?"

వెనక బెంచీలు ఘొల్లుమన్నాయి. ఆ నవ్వుకి ఉలిక్కిపడి దేవేంద్ర దగ్గాడు. ఆ దగ్గు విన్నాక ఎవరూ నవ్వలేదు. అనూరాధ మేడమ్ ఒక తెల్ల చీటీ బల్ల మీద ఉమాశంకర్ వైపు జరిపింది. ఆయన ఎక్స్‌రేకి రాశాడు.

ఎక్స్‌రేలో నడవ ఒక పక్కకి వెడల్పైంది. మర్నాడు స్కాన్‌లో సంగతి తేలింది. బృహద్ధమని వంపు దగ్గర గోడ పల్చబడి, తాటిముంజంత ఉబ్బింది. ఆ ఉబ్బుకింద నరం నలిగిపోయింది. ఎన్నాళ్ళనుంచో ఎవరూ చూడని బీపీ పనట. విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యం కూడదు.

వార్డులో ఉమాశంకర్ ఫిల్మ్ వెలుతురుకి పెట్టి చూస్తూ, "చూశారా, నేను పాడొద్దనడం ఎంత మంచిదయిందో? ఆ రేకు కట్టుకుని గుద్దుకుంటూ గెంతి ఉంటే ఈపాటికి పగిలిపోయేది," అన్నాడు.

నరసింగరావుకి ఒళ్ళు మండింది. మండి, చల్లారిపోయింది. ఎందుకంటే అది నిజం. తప్పుడు కారణం చెప్పి చేసిన పనే బావని నలభై రోజులు బతికించింది. న్యాయం ఎటూ బీదవాడి వైపు నిలబడదు. నిజం కూడా వెళ్ళి డాక్టరు కుర్చీ పక్కనే నిలబడితే మనిషి ఎవరితో చెప్పుకోవాలి?

అప్పుడు దేవేంద్ర మాట్లాడాడు. నలభై నాలుగు రోజుల్లో మొదటి మాట. గొంతు కాదది, ఊపిరి.

"పాట వల్ల కాదా, బాబూ?"

"కాదు. ఇది రక్తనాళం సంగతి."

"మరైతే ఆ మొదటి సీటీలో రాసిన ముక్క కొట్టెయ్యండి."

"ఏ ముక్క?" అర్థమయ్యాక డాక్టరు ఫిల్మ్ కవర్లో పెట్టేశాడు. "రాసింది రాసిందే. రికార్డులు దిద్దకూడదు. ఆపరేషన్ తరవాత కూడా గొంతు వస్తుందో రాదో చెప్పలేరు, ముందు ప్రాణం సంగతి ఆలోచించుకో."

"గొంతు రాపోతే రాపోనీ," అన్నాడు దేవేంద్ర. ఊపిరి అందక ఆగాడు. "పాట సేసిన పని కాదని రాసియ్యండి. మా ఊరోల్లకి సూపించాల."

"అలాంటి సర్టిఫికెట్లు ఉండవయ్యా."

దేవేంద్ర గోడవైపు తిరిగి పడుకున్నాడు. ప్రాణం పోతుందంటే బెదరని మనిషి భుజాలు అప్పుడు కుంగడం దేముడమ్మ చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

*

శనివారం పొద్దున్న నరసింగరావు ఖాళీ రాతిబల్ల చివర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తెల్ల కాగితాలు రెండు, మధ్యలో నల్ల కార్బన్. రేకుల షెడ్డు బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలు, ఒక్కొక్కటీ పిడకలా. మూడు గంటలు పట్టింది. దాన్ని తీసుకెళ్ళి ఆఫీసులో గుమాస్తా ధనరాజ్ ముందు పెట్టాడు.

"ఇదేటి నరసింగరావూ, మేడమ్ ఇచ్చింది సంతకం పెట్టి పారెయ్యక? ఇది పెడితే నీ ఇంక్రిమెంటుకి నువ్వే గొయ్యి తవ్వుకున్నట్టు."

"సంజాయిషీ అడిగినారు కదా బాబూ. సంజాయిషీయే ఇస్తన్నాను. రెండింటి మీదా ముద్ర కొట్టు. ఒకటి మీకు, ఒకటి నాకు. అది పద్ధతే కదా."

పద్ధతే. ధనరాజ్ చదివి, తలెత్తి అతన్ని చూసి, మళ్ళీ చదివాడు. రెండింటి మీదా ఊదారంగు ముద్ర కొట్టి, నంబరు వేసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు.

ఆసుపత్రి పోర్టికోలో అంబులెన్సు తలుపు తీసి ఉంది. దేవేంద్రని స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. దేముడమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని లోపల కూర్చుంది. నరసింగరావు కాగితం విప్పి బావ మొహం ముందు పెట్టాడు.

"సదువు," అన్నాడు దేవేంద్ర ఊపిరితో.

"మహారాజశ్రీ ప్రిన్సిపాల్ గారి సముఖానికి. నేను అర్హత లేకుండా వైద్యం మాట చెప్పిన సంగతి నిజము. రోగుల ఎదుట డాక్టరు గారిని నవ్వులపాలు చేసిన సంగతి నిజము. అందుకు తమరు వేసే శిక్షకు సిద్ధముగా ఉన్నాను. అయితే నేను చెప్పిన మాట కూడా నిజమని స్కానులో తేలినది. గజపతినగరం దగ్గర తప్పెటగుళ్ళ గురువు దేవేంద్ర గొంతు పాట వల్ల పోలేదు. గుండె పైనున్న రక్తనాళము ఉబ్బి, నరము నలిగి పోయినది. ఆ పాట వీరి తాత పాడెను, తండ్రి పాడెను, ఎవరికీ గొంతు పోలేదు. పాట ఏ తప్పూ చేయలేదు. ఈ సంగతి తమ రికార్డులో ఉంచవలెనని ప్రార్థన."

"ఇది కాలేజీ కాగితమేనా?"

"ఇదిగో ముద్ర. ఇదిగో నంబరు. దీని జంట ఆఫీసు ఫైల్లో పడుకునున్నాది. నాను సచ్చినా అది సావదు."

దేవేంద్రకి చదువు రాదు. ఊదారంగు ముద్ర మీద వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. "ఆ ముక్క ఎక్కడ?"

నరసింగరావు అతని వేలు పట్టుకుని, పాట ఏ తప్పూ చేయలేదన్న వరస మీద పెట్టాడు. దేవేంద్ర వేలు ఆ మాటల మీద ఎడమ నుంచి కుడికి నడిచింది. చివరికి వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళింది.

డ్రైవరు హారన్ కొట్టాడు. తలుపు మూసెయ్యమని నర్సు చెప్పింది.

"మా జట్టోల్లకి సదివినట్టు సదువు బావా," అన్నాడు దేవేంద్ర. "గట్టిగా. ఇంకోపాలి."

నరసింగరావు తలుపుకి అడ్డంగా కాలు పెట్టి, పోర్టికోలో ఉన్న మనుషులందరికీ వినబడేలా, మొదటి నుంచీ మొదలెట్టాడు.